మళ్లీ ప్రయత్నించండి... ఎన్నిసార్లు?

గ్యాసు స్టవ్వు వెలగకపోతే "స్టవ్వుకేమయింది?" అంటారు. ఫ్రిజ్‌లో పాలు విరిగితే "ఫ్రిజ్‌కేమయింది?" అంటారు. కంప్యూటరు మొరాయిస్తే మాత్రం "నువ్వేం చేశావు?" అంటారు! ఏ ఇంట్లోనైనా గమనించండి. ఇందులో ఇంకో విచిత్రం ఉంది. ఎవరూ అడగకపోయినా మన ఆడవాళ్లు తమంతట తామే "ఏమోనండీ, నేనేదో నొక్కి ఉంటాను" అని సంజాయిషీ ఇచ్చేసుకుంటారు.

ముఖ్యంగా ఈ అప్‌డేట్ల విషయంలో. కరెంటు బిల్లు కడదామనో, పిల్లవాడి ప్రాజెక్టు ప్రింటు తీద్దామనో కూర్చుంటాం. తెర నీలంగా మారి, అంకెలు ముప్ఫై శాతం, డెబ్బై శాతం అంటూ ఎక్కుతాయి. ఆ తర్వాత "కుదరలేదు, చేసిన మార్పులు వెనక్కి తీస్తున్నాం, ఆపకండి" అని ఇంగ్లీషులో ఒక మాట వస్తుంది. అరగంట పోతుంది. మర్నాడు మళ్లీ అదే తంతు. "మళ్లీ ప్రయత్నించండి" అనే బొత్తాం ఒకటి మాత్రం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఎందుకు కుదరలేదో, ఈసారి ఎందుకు కుదురుతుందో ఆ బొత్తాం చెప్పదు.

అసలిది ఎలా జరుగుతుందో తెలిస్తే సగం బెదురు పోతుంది. ఇంట్లో మనుషులు తిరుగుతుండగా గచ్చు వేయలేం కదా! అందర్నీ బయటికి పంపి, బండలు తీసి, కొత్తవి పరచాలి. కంప్యూటరులోనూ అంతే. అది పనిచేస్తున్నప్పుడు వాడుకునే ఫైళ్లను అప్పుడే మార్చలేదు. అందుకే ముందు కొత్త ఫైళ్లను దింపుకొని, విప్పి, సరిచూసుకొని, రీస్టార్ట్ చేసే సమయంలో పాతవాటి స్థానంలో పెడుతుంది. మధ్యలో ఎక్కడ అడ్డం తగిలినా సగం గచ్చుతో ఇల్లు వదిలేయకూడదు కాబట్టి పాత బండలన్నీ తిరిగి యథాస్థానంలో పరుస్తుంది. మనకి కనిపించే ఆ "వెనక్కి తీస్తున్నాం" అదే. నిజానికి అది మంచి పనే. ఆ సమయంలో విసుగొచ్చి స్విచ్ కట్టేయడమే ప్రమాదం.

అడ్డం తగలడానికి కారణాలు బోలెడు. సి డ్రైవులో చోటు చాలకపోవడం అన్నిటికంటే మామూలు కారణం. పెళ్లి వీడియోలు, ఫోను నుంచి దింపిన ఫొటోలు, ఎవరో పంపిన భక్తిపాటలు... అన్నీ అక్కడే కదా పడుంటాయి! ఫోను హాట్‌స్పాట్‌తో నడిపే ఇళ్లలో రోజుకు ఒకటిన్నర జీబీ అయిపోగానే దిగుమతి సగంలో ఆగుతుంది. కొన్నిసార్లు సగం దిగిన ఆ ఫైలే పాడై, ప్రతిసారీ అదే చెడ్డ ఫైలుతో మొదలుపెట్టి అక్కడే కూలబడుతుంది. పాత ప్రింటరు డ్రైవరో, ఎప్పుడో వేయించిన యాంటీవైరసో ఒప్పుకోదు. ఇక చిన్న ఊళ్లలో కరెంటు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇన్వర్టరు ఫాన్లకీ లైట్లకీ ఉంటుంది, కంప్యూటరు ప్లగ్గుకి ఉండదు.

ఈ కారణాల్లో "అమ్మ ఏదో నొక్కింది" అన్నది ఎక్కడుందో చూపించండి!

తప్పు మనది కాదని చెప్పడానికి నా దగ్గర ఒక గట్టి సాక్ష్యం ఉంది. 2024 జనవరి 9న విండోస్ 10 వాడేవాళ్లందరికీ మైక్రోసాఫ్ట్ ఒక భద్రతా అప్‌డేట్ పంపింది. దాని పేరు కెబి 5034441. కంప్యూటరు చెడిపోతే బాగుచేసుకోవడానికి డిస్కులో విడిగా ఒక చిన్న గది ఉంటుంది, రికవరీ పార్టిషన్ అంటారు. ఈ అప్‌డేట్ ఆ గదిలో చేరాలి. దానికి అక్కడ 250 ఎంబీ ఖాళీ కావాలి. ఎన్నో కంప్యూటర్లలో ఆ గదిని మొదట్లోనే ఇరుకుగా కట్టి పెట్టారు. దాంతో అప్‌డేట్ పట్టలేదు. పట్టకపోతే ఏం చెప్పాలి? "చోటు చాలదు" అని చెప్పాలి. కానీ తెరమీద వచ్చింది "జీరో ఎక్స్ 80070643" అనే అంకె. దానర్థం "ఇన్‌స్టాల్ కాలేదు" అని మాత్రమే. కాలేదని మనకీ తెలుసు కదా, కళ్లముందే కనిపిస్తోందిగా! ఈ అంకె తప్పుగా వస్తోందని, రావాల్సింది చోటు చాలదన్న సందేశమని తర్వాత కంపెనీయే రాసింది.

గిన్నె చిన్నదైపోయి అన్నం పొంగిపోతుంటే, గిన్నె మార్చమని చెప్పకుండా "వంట కుదరలేదు, మళ్లీ వండు" అన్నట్టు లేదూ ఇది?

ఆ గది పెంచుకోవడానికి కంపెనీ ఇచ్చిన మార్గం ఏమిటనుకున్నారు? నల్లని తెర తెరిచి, ఆజ్ఞలు టైపు చేసి, మెయిన్ డిస్కును కుదించి, పాత పార్టిషన్ తీసేసి కొత్తది కట్టమన్నారు. ఒక్క అంకె తప్పు కొడితే ఇంట్లో ఉన్న ఫొటోలన్నీ గోవిందా. ఇది ఇంజినీర్లు చేసుకునే పని. కొన్ని నెలలు గడిచాక, 2024 వేసవిలో, దీనికి తనంతట తాను సర్దుకునే ఉపాయం రాదని, చేత్తో చేసుకోవలసిందేనని తేల్చారు. మరో సంగతి. ఆ రికవరీ ఏర్పాటే లేని కంప్యూటర్లకు అసలీ అప్‌డేటే అవసరం లేదు, వచ్చే లోపాన్ని పట్టించుకోనక్కర్లేదు అని కూడా వాళ్లే రాశారు. కానీ ఆ మాట ఉన్నది కంపెనీ సహాయ పత్రంలో. మన తెరమీద ఎర్రక్షరాలు మాత్రం అలాగే నిలబడ్డాయి.

హైదరాబాదులో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల 2014లో ఆ కంపెనీ పగ్గాలు చేపట్టినప్పుడు మనమంతా ఎంత మురిసిపోయాం! ఆ మురిపెం తప్పని నేననను. అమెరికా బయట తమకున్న పెద్ద కేంద్రాల్లో ఒకటి 1998 నుంచి హైదరాబాదులోనే ఉంది. ఇంతమంది తెలుగువాళ్లు రాసే ప్రోగ్రాముల్లో "మీ డిస్కులో చోటు లేదమ్మా, ఇంత ఖాళీ చేయండి" అని ఒక్క తెలుగు వాక్యం రాయడం అంత కష్టమా? విండోస్ మెనూలు తెలుగులో కనిపించేలా పెట్టుకునే వీలు ఉంది, కాదనను. కానీ కష్టం వచ్చినప్పుడు కనబడేది ఆ అంకె. అంకెకు తెలుగేమిటి, ఇంగ్లీషేమిటి!

సరే, అంకె అర్థం కాక షాపుకి పట్టుకెళ్తాం. అక్కడ ఇంకో కథ. మా ఊళ్లో ఒక షాపులో నేను "అప్‌డేట్ ఎక్కడం లేదండీ, సి డ్రైవులో ఖాళీ బాగానే ఉంది" అని చెబుతుంటే, ఆ కుర్రాడు నా భుజం మీదుగా తలుపు వైపు చూసి "సారు రాలేదా మేడమ్?" అన్నాడు. మా సారుకి ఆఫీసులో లాప్‌టాప్ పాడైతే చూసేందుకు ఒక విభాగమే ఉంది. ఇంట్లో కంప్యూటరు ఆయన ముట్టుకొని ఎన్నాళ్లయిందో! పని చేసేది ఇంట్లో ఆడమనిషి, విషయం తెలిసినట్టు లెక్కకొచ్చేది మాత్రం సారు.

వాళ్ల దగ్గర అన్ని రోగాలకీ ఒకటే మందు. "ఫార్మాట్ కొట్టేద్దాం మేడమ్, కొత్తదానిలా అయిపోతుంది." నిజమే, కొత్తదానిలాగే అవుతుంది, లోపల మనదంటూ ఏమీ ఉండదు కనుక! మా వీధిలో ఒక పెద్దావిడ, పోయిన భర్త ఫొటోలు దాచుకున్న కంప్యూటరుని ఇలాగే ఇచ్చి తెచ్చుకుంది. "డి డ్రైవు ముట్టుకోలేదు మామ్మగారూ" అన్నారట. ఫొటోలు ఉన్నది డెస్క్‌టాప్ మీద. డెస్క్‌టాప్ మీద కనిపించేవన్నీ మామూలుగా సి డ్రైవులోనివే అన్న సంగతి ఆవిడకు ఎవరు చెప్పారు? చెప్పాల్సినవాడు ఫార్మాట్ కొట్టి 500 రూపాయలు పుచ్చుకున్నాడు. ఎక్కని అప్‌డేట్‌కి ఫార్మాట్ ఆఖరి మందు. మొదటి మందుగా వాడేవాణ్ని వైద్యుడనం కదా!

కాబట్టి షాపు మెట్లెక్కే ముందు ఇంట్లోనే చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా ముందు ఫొటోలు, రాతలు, పిల్లల సర్టిఫికెట్లు ఒక బయటి డిస్కులోకో, పెన్‌డ్రైవులోకో కాపీ చేసి, దాన్ని ఊడదీసి బీరువాలో పెట్టండి. ఆ తర్వాత డిస్క్ క్లీనప్‌తో అక్కరలేనివి తీసేసి, కనీసం ఇరవై జీబీ ఖాళీ చేయండి. ప్రింటరు, వెబ్‌క్యామ్, పెన్‌డ్రైవు అన్నీ పీకేసి, సెట్టింగ్స్‌లో ట్రబుల్‌షూట్ అనే చోట విండోస్ అప్‌డేట్ అని ఉన్నదాన్ని నడిపించండి. సగం దిగి పాడైన ఫైళ్ల బాధ చాలాసార్లు దీంతోనే వదులుతుంది. అప్పటికీ ఎక్కకపోతే అప్‌డేట్ హిస్టరీలోకి వెళ్లి ఏ పేరుగల అప్‌డేట్, ఏ అంకెతో ఆగిందో కాగితం మీద రాసుకోండి. ఆ రెండూ చేతిలో ఉంటే ఎవరితోనైనా మాట్లాడవచ్చు. "సారు రాలేదా" అనే కుర్రాడు కూడా కాస్త సర్దుకుని కూర్చుంటాడు, నేను చూశాను. షాపులో ఇచ్చేటప్పుడు "డేటా తీయకూడదు" అని రసీదు మీద రాయించుకోవడం మాత్రం మరిచిపోవద్దు.

"ఇంత గొడవెందుకు, అప్‌డేట్లు ఆపేస్తే పోలా?" అని చాలామంది అంటారు. మా వదిన కూడా అదే అంటుంది. నాకు ఆ మాట నచ్చదు. 2017 మే 12న వాన్నాక్రై అనే మహమ్మారి కంప్యూటర్ల మీద పడింది. ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగింది. ఇంగ్లండులో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా చిక్కుకున్నాయి. దానికి విరుగుడైన అప్‌డేట్ రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది! వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు. బ్యాంకు లావాదేవీలు, ఆధార్ కాగితాలు అన్నీ అందులోనే పెట్టుకుంటున్న మనం, తలుపు గడియ ఊడిందని తెలిసీ తీరిగ్గా పడుకోలేం.

అలాగని వచ్చినదాన్ని వచ్చిన నిమిషంలోనే వేసుకోవాలనీ కాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచమంతా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెరతో ఆగిపోయాయి. మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అది పెద్ద సంస్థలు కొనుక్కునేది, మన ఇళ్లలో ఉండేది కాదు. అయినా రక్షించడానికి వచ్చినది కూడా ముంచగలదని అది నేర్పింది. విండోస్‌లో నెలవారీ భద్రతా అప్‌డేట్లు 2003 అక్టోబరు నుంచీ నెలలో రెండో మంగళవారం విడుదలవుతున్నాయి, మనకి అది రాత్రి పొద్దుపోయాక. సెట్టింగ్స్‌లో వారం రోజులు ఆపే వీలుంది. నేనైతే ఆ వారం ఆగి, ఎక్కడా గొడవ వినబడకపోతే ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, కరెంటు ఉన్న వేళ చూసి వేస్తాను. పిల్లలకు పరీక్షల ఫీజు కట్టాల్సిన ఆఖరి రోజున మాత్రం దాని జోలికి వెళ్లను.

ఇంకో హెచ్చరిక. "మీ కంప్యూటరు అప్‌డేట్ ఫెయిలైంది, మేం కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం, ఈ ప్రోగ్రాము వేసుకోండి" అంటూ ఫోను వస్తే పెట్టేయండి. ఏ కంపెనీ అలా తనంతట తాను ఫోను చేయదు. అప్‌డేట్ ఎక్కక విసిగిపోయి ఉన్నప్పుడు ఆ తీయని గొంతు దేవుడిలా వినిపిస్తుంది, వాడికి కావలసిందీ అదే.

ఇక విండోస్ 10 సంగతి. 2015లో వచ్చిన ఆ విండోస్‌కు 2025 అక్టోబరు 14తో మామూలు సేవలు ఆగిపోయాయి. విండోస్ 11కి మారదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కొత్త తరం ప్రాసెసరు కావాలంటారు. సుమారు 2018కి ముందు కొన్న చాలా యంత్రాలు ఈ వడపోతలో నిలవవు. ఇవి చెడిపోయినవి కావు సుమండీ, బంగారంలా పనిచేస్తున్నవే. మిక్సీకి జారు అరిగితే జారు మారుస్తాం, మిక్సీ పారేయం. చక్కగా తిరిగే మిక్సీకి "మీ ప్లగ్గు పాతది, ఇక రుబ్బడం మీ ఇష్టం" అంటే ఊరుకుంటామా? మరో ఏడాది, 2026 అక్టోబరు 13 దాకా, నమోదు చేసుకున్నవాళ్లకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ ప్రకటించింది. వాళ్ల ఖాతాతో లాగిన్ అయి సెట్టింగులు భద్రపరచుకుంటే డబ్బు కట్టనక్కర్లేదన్నారు. పదేళ్లు వాడుకున్న మనకు దక్కింది ఒక్క ఏడాది. ఆడవాళ్లు ఎక్కువగా వాడేవి ఈ పాతవే. కొత్తది కొంటే అది అబ్బాయి గదిలోకి వెళ్తుంది, పాతది హాల్లోనో వంటింటి పక్కనో మనకు మిగులుతుంది. అందుకే ఈ వడపోతలో మొదట తగ్గేది మన వంతే.

లినక్స్ అనే మరో దారి ఉంది, అది ఉచితం. మా మరిది ఒక పాత లాప్‌టాప్‌లో లినక్స్ మింట్ వేసి నాకిచ్చాడు. తెలుగు టైపు చేసుకోవడానికి ఏ ఇబ్బందీ లేదు, పోయినవారం పంపిన కథ దాని మీదే రాశాను. అప్‌డేట్లు దానికీ వస్తాయి. ప్రింటరు మాత్రం రెండు రోజులు మొరాయించింది. ఆ రెండు రోజులూ ఇంట్లో ఎవరూ "నువ్వేం చేశావు?" అని అడగలేదు. వేసింది మరిది కదా!