వినేవాడి వాడ – 6 : గిటారుకీ డప్పుకీ మధ్య వీధి



పోయిన వారం భాగం చదివి ఒక పీజీ విద్యార్థి మెసేజ్ పెట్టాడు. "సార్, మీరు తెలుగు లెక్చరర్. జాషువా గురించి, దళిత కవిత్వం గురించి పాఠాలు చెప్తారు. చెవిలో మాత్రం ఇంగ్లీషు రాక్. మనకు గద్దర్ చాలడా?" అని. వెటకారంగా అడగలేదు, నిజంగానే అడిగాడు. అందుకే ఈ వారం అనుకున్న విషయం పక్కన పెట్టి దీనికే జవాబు రాస్తున్నా. నాకు నచ్చిన ఆల్బమ్‌ల గురించి, నచ్చి కూడా అరగని వాటి గురించి, చివర్లో నేను చేసిన ఒక తప్పు గురించి.

ముందు ఒక సంగతి చెప్పాలి. గిటారు నాకు అమెరికా నుంచి రాలేదు. ఉయ్యూరు పక్కన మా మాలపల్లి చర్చిలోంచి వచ్చింది. డిసెంబర్ వస్తే క్యారల్స్, కీబోర్డు, తుప్పు పట్టిన డ్రమ్ సెట్టు, మూడు తీగలు తెగిన గిటారు. రాక్ అనే మాట తెలియకముందే మా వాళ్లకు జీ, సీ, డీ కార్డులు తెలుసు. డెల్టాలో ఏ పేటకెళ్లినా ఇంతే. విజయవాడ హోటళ్లలో లైవ్ మ్యూజిక్ అని బోర్డు పెట్టిన చోట కూర్చుని చూడండి, గిటారు పట్టిన పిల్లాడిని ఎక్కడ నేర్చుకున్నావని అడగండి. చాలాసార్లు "చర్చిలో సార్" అంటాడు.

రాక్ తెల్లవాళ్ల సరదా అనే మిత్రులకు కూడా ఒక మాట. ఆ సంగీతానికి పునాది వేసినవాళ్లలో సిస్టర్ రొసెట్టా థార్ప్ అనే నల్ల స్త్రీ ఉంది. ఆమె కూడా చర్చిలోంచే ఎలక్ట్రిక్ గిటారు పట్టుకుని వచ్చింది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెకు చోటిచ్చింది 2018లో, చనిపోయిన 45 ఏళ్లకి. కట్టినవాళ్లను గడప బయట ఉంచడం మన దగ్గరే కాదు, అక్కడా ఉంది.

హైదరాబాదులో పీహెచ్‌డీ చేసే రోజుల్లో హాస్టల్ సీనియర్ అన్న ఒకాయన పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. అందులో మొదట విన్నది నిర్వాణ వాళ్ల 'నెవర్‌మైండ్'. విడుదల 1991 సెప్టెంబర్ 24. ఆ తేదీ చూడగానే నా లెక్క వేరే చోటికి పోయింది. చుండూరు 1991 ఆగస్టు 6. మధ్యలో సరిగ్గా 49 రోజులు. లోకం ఆ ఏడాదిని ఒక కుర్రతరం కోపం బయటపడ్డ ఏడాదిగా గుర్తు పెట్టుకుంది. అదే ఏడాది మన డెల్టాలో 8 మంది దళితుల్ని చంపారు.

ఆ ఆల్బమ్ నాకిష్టం. మెల్లగా మొదలై ఒక్కసారిగా విరుచుకుపడే ఆ పద్ధతి ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది. కానీ ఆ కోపానికి చిరునామా లేదు. ఎవరి మీదో తెలియకుండా కోప్పడే సౌకర్యం మనకు లేదు. మనల్ని కొట్టినవాడి ఇంటిపేరు మనకు తెలుసు, వాడి పొలం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలుసు. అందుకే నిర్వాణలో నేను ఎక్కువసార్లు వినేది 1994లో వచ్చిన 'అన్‌ప్లగ్డ్'. చివర్లో కర్ట్ కొబేన్ ఒక పాత జానపదం పాడతాడు. దాన్ని తనకంటే ముందు పాడిన లెడ్‌బెల్లీ అనే నల్ల గాయకుడిని తమకు బాగా ఇష్టమైనవాడని వేదిక మీదే తలుచుకుంటాడు. పాట ఎవరి దగ్గర నుంచి తీసుకున్నావో పేరు చెప్పి తీసుకో. నా దృష్టిలో సంగీతంలో మొదటి నీతి ఇదే.

కోపానికి చిరునామా కావాలంటే 1992లో వచ్చిన 'రేజ్ అగైన్‌స్ట్ ది మెషీన్' వినండి. అట్ట మీద 1963లో సైగాన్ నడివీధిలో తనను తాను కాల్చుకున్న బౌద్ధ భిక్షువు ఫొటో. లోపల పోలీసు మీద, బడిలో చెప్పే చరిత్ర మీద సూటిగా పాటలు. పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకుని విప్లవం పాడారని వాళ్ల మీద విమర్శ ఉంది. నాకు ఆ విమర్శ పెద్దగా ఎక్కదు. పేటలో పిల్లాడి చేతికి ఆ క్యాసెట్ ఎలా చేరిందన్నది నాకు ముఖ్యం.

రేడియోహెడ్ 'ఓకే కంప్యూటర్' 1997ది. సాయంత్రం ఆరింటికి బెంజి సర్కిల్లో బస్సు ఇరుక్కుపోయినప్పుడు దానికి మించిన తోడు లేదు. అయితే అది అన్నీ ఉన్నవాడి అలసట. 1988లో ట్రేసీ చాప్‌మన్ మొదటి ఆల్బమ్‌లో ఉన్న అలసట వేరు. తాగే తండ్రి, చదువు మానేసిన కూతురు, దుకాణంలో బిల్లు కొట్టే ఉద్యోగం, ఇక్కడి నుంచి ఎలాగైనా బయటపడాలన్న ఆశ. ఆ పాట మా చెల్లికి అర్థం చెప్తే, "ఇది మన వీధిదే అన్నయ్యా" అంది.

ఇప్పుడు తెలుగులోకి వద్దాం. హైదరాబాదు బ్యాండ్ చౌరస్తా వాళ్ల 'ఊరెళ్లిపోతా మామ' మీలో వినని వాళ్లుండరు. మంచి పాట. సినిమా నీడ లేకుండా తెలుగులో బ్యాండ్ నిలబడగలదని చూపించిన పాటల్లో అదొకటి. నేనూ కూనిరాగం తీస్తాను. కానీ తీసేటప్పుడల్లా ఒక ముల్లు గుచ్చుకుంటుంది. ఏ ఊరు మామా?

మా పల్లెలో "ఊళ్లోకి వెళ్లొస్తా" అంటే అర్థం వేరు. పేట దాటి, కాలవ గట్టు దాటి, రైతుల వీధుల్లోకి వెళ్లడం. పనికి, అప్పుకి, పంచాయితీకి వెళ్లడం. అంటే మేం పుట్టిందే ఊరి బయట. ఊరు మాకు వెళ్లే చోటు, తిరిగొచ్చే చోటు కాదు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ పల్లెను పొగిడేవాళ్లకు జవాబు చెప్పింది ఈ అనుభవంతోనే. నగరం విసుగెత్తి ఊరికి పోదామనే పాట అందంగానే ఉంటుంది. ఊరు భరించలేక నగరానికి వచ్చినవాడి పాట మాత్రం ఇంకా ఏ బ్యాండూ కట్టలేదు, కనీసం నా చెవిన పడలేదు.

తమిళంలో కట్టారు. 2018 జనవరిలో చెన్నైలో ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ మొదటిసారి వేదికెక్కింది. పా. రంజిత్, సంగీత దర్శకుడు టెన్మా కలిసి కూర్చిన 19 మంది బృందం. గానా పాట, రాప్, రాక్, పరై అన్నీ ఒకే వేదిక మీద. పేరు అయోతీదాస్ పండితర్ ఆలోచన నుంచి తీసుకున్నారు. ఆ బృందంలోని అరివు 2019లో ఓఫ్‌రోతో కలిసి 'తెరుక్కురళ్' తెచ్చాడు. భాష సగమే అర్థమైనా సరే వినండి. అదే అరివు రాసి పాడిన 'ఎంజాయ్ ఎంజామి' 2021లో దేశమంతా మోగింది. అందులో తేయాకు తోటల్లో చాకిరీ చేసిన అతని అమ్మమ్మ వళ్లియమ్మాళ్ బతుకు ఉంది. ఆ ఏడాదే ఒక పేరున్న సంగీత పత్రిక ముఖచిత్రం వేస్తే అందులో అరివు లేడు. పాట కావాలి, మనిషి అక్కర్లేదు.

మనకు ఇది కొత్తా? విజయవాడకు కూతవేటు దూరంలో కంచికచర్ల ఉంది. 1968లో కోటేశును తగలబెట్టిన ఊరు. కలేకూరి ప్రసాద్‌ది ఆ ఊరే. వరకట్న చావుల మీద ఆయన రాసిన పాటను రాష్ట్రమంతా పాడుకుంది. పాడినవాళ్లలో ఎందరికి ఆయన పేరు తెలుసు? కంపెనీ లేదు, ఆల్బమ్ లేదు, గొంతు నుంచి గొంతుకు పోయింది పాట. ఇండిపెండెంట్ అనే మాటకు ఇంతకంటే సొంతదారు ఎవరు? 2013లో వెళ్లిపోయాడు. ఇండీ సంగీతం గురించి తెలుగులో మాట్లాడేవాళ్లు ఆయన పేరెత్తరు.

ఇక నా తప్పు.

మా చర్చిలో గిటారు ఉండేదని చెప్పాను. డప్పు ఉండేది కాదు. డప్పు పక్క వీధిది, మాదిగపల్లెది. చావుకీ, చాటింపుకీ, జాతరకీ పిలిచి కొట్టించుకునేది. ఆ వెట్టి అవమానం భరించలేక డప్పును అటక మీద పడేసినవాళ్లూ ఉన్నారు. దాన్ని మళ్లీ తలెత్తుకునేలా చేసింది 1994లో మొదలైన దండోరా. మా వీధి పిల్లలం మాత్రం గిటారు పట్టుకుని, మేం వాళ్ల కంటే ఒక మెట్టు పైన ఉన్నామనుకునేవాళ్లం. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

పోయిన ఏడాది మేం ఒక కాలేజీ ఫెస్ట్‌కి బ్యాండ్‌లను ఎంపిక చేస్తున్నాం. ఏ కాలేజీ అన్నది వదిలేయండి. ఐదుగురు పిల్లలు వచ్చారు. గిటారు, బేస్, కీబోర్డు, పాడే అమ్మాయి, డప్పు పట్టుకున్న ఒక అబ్బాయి. రెండు నిమిషాలు వాయించేసరికి గదిలో గాలి మారిపోయింది. కమిటీలో ఒకాయన అన్నాడు, "బాగుంది కానీ రాక్ కేటగిరీకి డప్పు సెట్ కాదు. ఫోక్‌లో పెడదాం." ఫోక్ అంటే ఏమిటో మీకు తెలుసు. ముఖ్య అతిథి కారు దిగినప్పుడు గేటు దగ్గర నుంచి వేదిక దాకా ముందు నడుస్తూ కొట్టడం.

ఇంత చదివిన నేను, ఇంత విన్న నేను, చేతిలో పెన్ను తిప్పుతూ కూర్చున్నాను. ఒక్క మాట అనలేదు. గొడవెందుకులే అనుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. ఆ గదిలో కూడా మా వీధికీ పక్క వీధికీ మధ్య ఉన్న దూరం నాలోనే ఉంది. ఆ అబ్బాయి "పర్లేదు సార్" అని డప్పును గుడ్డ సంచిలో పెట్టుకున్నాడు. మిగతా నలుగురు అతను లేకుండా వాయించారు. బహుమతి కూడా వచ్చింది. నేను చప్పట్లు కొట్టాను.

పాటతో న్యాయం రాదని నాకు తెలుసు. చుండూరులో 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. ఏ గిటారూ దాన్ని ఆపలేదు. కానీ ఎవడు వేదిక మీద ఉండాలి, ఎవడు గేటు దగ్గర ఉండాలి అన్నది నా కళ్లముందు, నా సంతకంతో తేలింది. అది నా చేతిలో ఉన్న విషయం.

ఈ ఏడాది కమిటీలో మళ్లీ నా పేరుంది. కేటగిరీలు ఎత్తేయాలని ముందే రాసిచ్చాను. ఒప్పుకోకపోతే బయటికొచ్చి, ఎవరేమన్నారో ఇక్కడే రాస్తాను. ఆ అబ్బాయికి ఫోన్ చేసి తప్పయిందని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మళ్లీ ప్రాక్టీస్ మొదలుపెట్టాలంటే వాళ్లు నన్ను పిలవాలి కదా సార్" అన్నాడు. ఆ నలుగురూ ఈ వ్యాసం చదువుతారు. మీరు పిలవాలి.

మిగతా పిల్లలకు ఒకటే చెప్తాను. ఫోన్‌లోనే రికార్డు చేయండి, మంచి మైకు లేదని ఆగొద్దు. పెట్టేటప్పుడు రాసినవాళ్ల పేరు, కొట్టినవాళ్ల పేరు ముందు వేయండి. మీ అమ్మమ్మ పాటయితే అమ్మమ్మ పేరే వేయండి.

గద్దర్ చాలడా అని అడిగిన తమ్ముడూ, గద్దర్ చాలడు. గద్దర్ ఒక్కడే సరిపోవాలని గద్దర్ కూడా అనుకుని ఉండడు.

వచ్చే ఆదివారం కలుద్దాం. జై భీమ్.