పొరుగువారి నడుమ విశ్వాసి



“అమెరికా వెళ్లిన మన పిల్లల దీన్ నిలుస్తుందా?” అన్న ప్రశ్న నేడు అనేక కుటుంబాలలో వినవస్తున్నది. దీనికి ఊహలతో గాక, ఒక ప్రాంతపు అనుభవంతో సమాధానం వెదకడం మేలు.

వాషింగ్టన్ నగరాన్ని ఆనుకొని, మేరీల్యాండ్ రాష్ట్రంలో మోంట్‌గోమరీ కౌంటీ ఉన్నది. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. 2020 జనగణన ప్రకారం అక్కడి జనాభా 10,62,061. శ్వేతజాతీయులు, నల్లజాతివారు, లాటిన్ అమెరికా మూలాలవారు, ఆసియావారు – ఏ వర్గమూ సగానికి చేరదు. దాదాపు ముగ్గురిలో ఒకరు ఇతర దేశాలలో జన్మించినవారు. సిల్వర్ స్ప్రింగ్‌లో న్యూ హాంప్‌షైర్ అవెన్యూ అనే ఒకే రహదారి వెంట మస్జిద్, ఉక్రెయిన్ క్రైస్తవుల చర్చి, కంబోడియా బౌద్ధుల ఆలయం ఉన్నాయి. అక్కడి ముస్లిం కమ్యూనిటీ సెంటర్ 2003 నుండి బీమా లేని పేదలకు మతభేదం లేకుండా వైద్యశాల నడుపుతున్నది.

అయితే కలిసి జీవించడం అన్నివేళలా సులభం కాదు. పాఠశాలల క్యాలెండర్‌లో ఈద్ పేరును చేర్చమని ముస్లింలు కోరగా, 2014 నవంబరులో విద్యామండలి క్రిస్మస్ సహా అన్ని పండుగల పేర్లనూ తొలగించింది. ముస్లింలు కోరినది చేర్చమని. ఇతరుల పండుగను తుడిచివేయమని కాదు. వారు సహనంతో తమ విన్నపాన్ని కొనసాగించారు. 2016లో ఈదుల్ అజ్‌హా నాడు విద్యార్థులకు తరగతులు లేకుండా మండలి ఏర్పాటు చేసింది.

తరువాత మరొక పరీక్ష వచ్చింది. లైంగికత, లింగ గుర్తింపు అంశాలు గల కథల పుస్తకాల పాఠాల నుండి తమ పిల్లలను మినహాయించమని కొందరు తల్లిదండ్రులు న్యాయస్థానానికి వెళ్లారు. వారిలో ముస్లింలే గాక క్రైస్తవులూ ఉన్నారు. వ్యాజ్యం తేలేవరకు మినహాయింపు ఇవ్వవలసిందేనని 2025 జూన్ 27న సుప్రీంకోర్టు 6–3 ఆధిక్యతతో తీర్పు చెప్పింది.

ఇందులో మనం గ్రహించవలసినది ఉన్నది. న్యాయస్థానం బిడ్డను తరగతి గది నుండి బయటకు పంపించగలదు. ఆ బిడ్డ హృదయంలో ఈమాన్‌ను నాటలేదు. ఆ బాధ్యత తల్లిదండ్రులది. జాతులు, తెగలు పరస్పర పరిచయం కోసమే ఉన్నాయని సూరె హుజురాత్ బోధిస్తున్నది. పొరుగువారి హక్కును దైవప్రవక్త (సఅసం) ఎంతగానో నొక్కి చెప్పారు. కనుక బిడ్డను విదేశానికి పంపే ముందు వీసా పత్రాలతోపాటు నమాజు అలవాటును, హలాల్ హరామ్‌ల విచక్షణను, పరమతస్థునితో మర్యాదగా మాట్లాడే సంస్కారాన్ని కూడా సమకూర్చండి. ఇవి విమానాశ్రయంలో నేర్పగలిగేవి కావు. ఏళ్ల తరబడి ఇంటిలో అలవడవలసినవి.

అల్లాహ్ మన సంతానాన్ని ఎక్కడ ఉన్నా సన్మార్గంపై నిలుపుగాక. ఆమీన్.