మందు కొట్టినాక డబ్బా ఎవరు తియ్యాలి?

క్రోసూరు మిరప చేలో మందు కొట్టినోడు ఖాళీ డబ్బా గట్టు మీదే వదిలేసి పోతే తప్పెవరిది? సర్కారు వెబ్‌సైట్లకు చేసే హ్యాకింగ్ పరీక్షల్లోనూ ఇదే ప్రశ్న.

పరీక్ష చేసేటోళ్లు అనుమతితోనే లోపలికి పోతారు. అప్పుడు పెట్టిన ఫైళ్లు, ఉత్తుత్తి యూజర్ ఐడీలు తీసెయ్యకపోతే రేపు అసలు దొంగకి అవే దారి.

2018లో మన రాష్ట్ర హౌసింగ్ వెబ్‌సైట్‌లో 1.3 లక్షల మందికి పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు బయటపడ్డాయి. అది పరీక్ష వల్ల కాదు, అజాగ్రత్త వల్ల. కానీ తలుపు తెరిచి ఉంటే పోయేది ఎవరి వివరాలో తేలిపోయింది. ఇంటి కోసం కాగితాలిచ్చిన పేదోళ్లవి!

అందుకే ఏ ఫైలు ఎక్కడ పెట్టారో మొదట్నుంచీ రాసుకోవాలి. చివర్లో అన్నీ చెరిపి ఆఫీసోళ్లకి చూపించాలి. చూశాకే బిల్లు ఇవ్వాలి. రిపోర్టు చేతికొస్తే పని అయిపోయినట్టు కాదు.