తప్పిన తరగతి, తెరచిన తలుపు

బిలాస్‌పూర్‌లోని సదర్ బజారు. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుంచీ తెలుగువారు స్థిరపడిన ఊరిది. పదో తరగతి తప్పి, బట్టల దుకాణంలో గజంబద్ద పట్టిన కుర్రవాడికి ఇక్కడ కళాశాల కలగానే మిగిలిపోవాలా?

అక్కరలేదు. 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్‌గా ఏర్పడిన సంస్థకు 2002 నుంచి జాతీయ సార్వత్రిక విద్యాపీఠమని పేరు. పద్నాలుగేళ్లు నిండినవారు అందులో పదో తరగతికి చేరవచ్చు. తెలుగు మాధ్యమమూ ఉన్నది. ఐదు విషయాలలో ఉత్తీర్ణులైతే చాలు; అన్నీ ఒక్కసారే రాయాలన్న నిర్బంధం లేదు. ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు లభిస్తాయి. గుర్తింపు పొందిన బోర్డులో లోగడ నెగ్గిన రెండు విషయాల మార్కులను కలుపుకోవచ్చు. ఆపైన పన్నెండో తరగతి. దానితో పట్టభద్ర విద్యకు దారి ఏర్పడుతుంది.

అయితే రెండు జాగ్రత్తలు అవసరం. చేరదలచిన కోర్సు కోరే విషయాలను ముందే విచారించి ఎంచుకోవాలి. భౌతిక, రసాయన శాస్త్రాలు చదవనివాడు ఇంజనీరింగు ఆశించి లాభం లేదు. ఇక, బోర్డు గుర్తింపును సరిచూడకుండా రుసుము చెల్లించరాదు. నకిలీ ధ్రువపత్రం డబ్బుతోపాటు ఏళ్లనూ మింగివేస్తుంది.

2005లో ఆ ఊరిలోనే పండిత సుందర్‌లాల్ శర్మ సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలసింది. దుకాణం కట్టేశాక పుస్తకం తెరవగల ఓపిక ఉన్నవానికి పట్టా అందని పండు కాదు.