పేటలను ఖాళీ చేసిన దెవరు?

విద్యార్థులు వచ్చి మన పేటలు చెడినవని కొందరు పెద్దలు వాపోవుచున్నారు. ఈ వాదమును మేమంగీకరింపజాలము.

విష్ణుపురిలో 1981లో ఇంజనీరింగు కళాశాల వెలసినది. 1994లో స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయము నెలకొన్నది. పిదప వైద్యవిద్యా ప్రవేశ పరీక్షల శిక్షణాలయములు పర్భణి, హింగోలీల నుండి పిల్లలను రప్పించినవి. వారికి గది కావలెను. ఇచ్చినదెవరు? మనమే గదా! తాతలు కట్టిన యింటికి అడ్డుగోడలు పెట్టి, మంచమునకింత యని లెక్కగట్టి, మనము ఊరి చివరకు తరలితిమి. అరుగుల మీది తెలుగు ముచ్చట్లు ఆగినవి. అందులకు పర్భణి కుర్రవాడేమి చేయును? పరీక్ష వ్రాసి పోవువాడు వాడు! ఇంగ్లండున లీడ్సు నగరమందలి హెడింగ్లీ పేటయు నిట్లే విద్యార్థుల బసగా మారినది. అచటను ఇండ్లను అద్దెకిచ్చి లాభము గొన్నది యజమానులే.

హైదరాబాదు రాష్ట్రము విడిపోయి మన జిల్లా బొంబాయి రాష్ట్రమున చేరిన 1956లోనే రాజ్యాంగమునకు 350-ఏ అధికరణము చేర్చబడినది. అల్పసంఖ్యాక భాషావర్గముల బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పుటకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని అది ఆదేశించుచున్నది. కాని వసతి నడుగుటకు ఒకచోట బిడ్డలుండవలెను గదా! చెదరిన కుటుంబములకు బడి ఎచట పెట్టుదురు?

కావున ఇల్లంతయు అద్దెకీయక, ఒక భాగమున తామే కాపురముండుడని యజమానులను కోరుచున్నాము. అద్దె కొంత తగ్గును, తగ్గనిండు. పక్క గదిలోని పర్భణి పిల్లవాడు నాలుగు తెలుగు మాటలు నేర్చుకొని పోవును.