నల్లద్రవంలోని సంపద

మహావృక్షాన్ని నిటారుగా నిలిపేది ఏదని అడిగితే మనలో పలువురు వేళ్ళనే పేర్కొంటారు. వేళ్ళు నేలను పట్టుకొంటాయి, నిజమే. కాండానికి బిగువునిచ్చేది మాత్రం లిగ్నిన్ అనే పదార్థం. ఇటుకల నడుమ సున్నం వలె అది సెల్యులోజ్ పోగుల మధ్య చేరి వాటిని బంధిస్తుంది. కలపను సూచించే లాటిన్ పదం ఆధారంగా స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త ద కాండోల్ 1813లో దీనికి ఆ పేరు పెట్టాడు. ఎండిన కలప బరువులో సుమారు నాలుగోవంతు ఇదే. దీనిని తెలుగులో ‘చేవ’ అందామని భాషాభిమానులకు అనిపించవచ్చు. కాని చేవ మ్రాను నడిమి భాగానికే చెల్లే మాట. లిగ్నిన్ వెలుపలి లేత కలపలోనూ ఉంటుంది. కనుక అన్యభాషాపదాన్ని అలాగే స్వీకరించడం మేలు.

చెట్టుకు బలమైన ఈ పదార్థమే కాగితానికి చేటు. వార్తాపత్రిక కొన్నాళ్ళు ఎండ సోకితే పసుపుబారడానికి ప్రధాన కారణం అందులో మిగిలిపోయిన లిగ్నినే. అందువల్ల మేలురకం కాగితం చేసేవారు దీనిని తొలగిస్తారు. జర్మనీకి చెందిన కార్ల్ డాల్ 1879లో రూపొందించిన క్రాఫ్ట్ పద్ధతిలో కలప ముక్కలను సోడియం హైడ్రాక్సైడ్, సోడియం సల్ఫైడ్‌లతో సుమారు 170 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉడికిస్తారు. పోగులు గుజ్జుగా మిగులుతాయి. లిగ్నిన్ కరిగి నల్లద్రవమవుతుంది. దానిని చిక్కబరచి బాయిలర్‌లో కాలుస్తారు.

ఈ దహనాన్ని అవివేకమని నిందించలేము. దానివల్ల మిల్లుకు ఆవిరీ విద్యుత్తూ లభిస్తాయి, వాడిన రసాయనాలు తిరిగి చేతికి వస్తాయి. లిగ్నిన్‌ను సాంతం తీసివేస్తే ఆ లోటును బొగ్గుతో పూడ్చవలసి వస్తుంది. అది అంతకంటె అనర్థం. అయితే కొంత భాగాన్ని వేరుచేయడానికి అభ్యంతరమేమిటి? నల్లద్రవంలోకి కార్బన్ డయాక్సైడ్‌ను పంపితే క్షారగుణం తగ్గి లిగ్నిన్ అవక్షేపంగా దిగుతుంది. వడగట్టి, ఆమ్లజలంతో కడిగితే గోధుమవన్నె పొడి లభిస్తుంది. బాయిలర్ సామర్థ్యం చాలక ఉత్పత్తి పెంచలేని మిల్లులకు దీనివల్ల ఆ భారమూ తగ్గుతుంది. అమెరికాలోని ప్లిమత్ మిల్లులో 2013లోనే ఈ పని వాణిజ్యస్థాయిలో ఆరంభమైంది.

ఆ పొడితో ప్లైవుడ్ జిగురులో పెట్రోలియం నుండి వచ్చే ఫినాల్‌కు బదులు కొంత మేర పని జరుగుతుంది. దానిని కర్బనపు పోగులుగా, బ్యాటరీల రుణధ్రువాలకు పదార్థంగా మలచే కృషి సాగుతున్నది. మరొక పద్ధతిలో లభించే లిగ్నోసల్ఫొనేట్లు కాంక్రీటులో నీటి అవసరాన్ని తగ్గిస్తాయి. నార్వేలోని బోరెగార్డ్ సంస్థ 1962 నుండి కలప లిగ్నిన్‌తో వనిలిన్ తయారుచేస్తున్నది. ఐస్‌క్రీముకు పరిమళమిచ్చే వనిలిన్ దేవదారు జాతి చెట్టు నుండి రావడం వింతగా తోచవచ్చు. పాత పుస్తకం తెరవగానే సోకే తియ్యని వాసనలోనూ దాని పాలు ఉన్నది!

మన సారపాక, కాగజ్‌నగర్, రాజమహేంద్రవరం మిల్లులు సుబాబుల్, జామాయిల్, సరుగుడు కలపను వాడుతాయి. లిగ్నిన్ నిర్మాణం చెట్టును బట్టి మారుతుంది. ఉత్తరదేశాల పైన్ చెట్టుకు కుదిరిన విధానం మన సుబాబుల్‌కు యథాతథంగా కుదరదు. కనుక ఈ పరిశోధన మన విశ్వవిద్యాలయాలలో, మన కలప మీదనే జరగాలని నా అభిప్రాయం. మరొక మాట కూడా చెప్పవలసి ఉన్నది. రైతు కలపను టన్నుల లెక్కన తూచి అమ్ముతాడు. ఆ తూకంలో లిగ్నిన్ బరువూ ఉంటుంది. నేడు ఇంధనమైనది రేపు ఖరీదైన సరుకైతే, ఆ పెరిగిన విలువలో కొంతైనా కలప ధరలో కనిపించాలి.