బోగీ రాకుండా సరుకు ఎక్కించకండి!

ధర్మవరం పట్టుచీర అంచులో నెమలి ఆడాలంటే, ముందు కంప్యూటర్ తెర మీద ఆడాలి. అక్కడ గళ్లుగళ్లుగా గీసిన బొమ్మను బట్టే అట్టలకు చిల్లులు పడతాయి. అవి జకార్డ్ మగ్గం ఎక్కాకే నేత. ఆ డిజైన్ ఫైల్ పోయిందంటే, రోజుల తరబడి పడిన శ్రమ పోయినట్టే! హిందూపురంలో పెళ్లి ఫొటోలు తీసే స్టూడియోకైనా, మన ఇంటి ఆల్బమ్‌కైనా ఇదే భయం.

అందుకే చాలామంది ఫైళ్లన్నీ ఒక లినక్స్ సర్వర్‌లో ఉంచి, రోజూ రాత్రి పక్కగదిలోని విండోస్ కంప్యూటర్‌కు నకలు పంపిస్తుంటారు. మరి ఈ రెండూ మాట్లాడుకునేదెలా? విండోస్ ఫైళ్లు పంచుకునే పద్ధతి పేరు ఎస్ఎంబీ. ఆ విండోస్ ఫోల్డర్‌ను లినక్స్‌లోకి తెచ్చే ఏర్పాటును సిఫ్స్ అంటారు. తేవడాన్ని 'మౌంట్' చేయడం అంటారు.

గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు వెళ్లే రైలుమార్గం తెలుసుగా? లినక్స్‌లో ఓ ఖాళీ ఫోల్డర్ తయారుచేయడమంటే ప్లాట్‌ఫాం కట్టడం. మౌంట్ చేయడమంటే దాని పక్కకు బోగీ తెచ్చి నిలపడం. ఇక ఆ ఫోల్డర్‌లో ఏం వేసినా బోగీలోకి, అంటే అవతలి కంప్యూటర్లోకి వెళ్తుంది.

మౌంట్ ఆదేశానికి నాలుగు సంగతులు చెప్పాలి: రకం సిఫ్స్ అని, అవతలి కంప్యూటర్ చిరునామా, ఫోల్డర్ పేరు, మన ఖాళీ ఫోల్డర్ ఎక్కడుందో. పాస్‌వర్డ్‌ను ఆదేశంలో రాయకుండా వేరే ఫైల్‌లో పెట్టి, రూట్ ఒక్కరే చదివేలా చేయాలి. సర్వర్ ఆన్ అయిన ప్రతిసారీ దానంతటదే మౌంట్ కావాలంటే 'ఎఫ్ఎస్‌ట్యాబ్' ఫైల్‌లో ఓ వరుస రాస్తే చాలు.

చిక్కల్లా ఇక్కడే! కరెంటు పోయి వచ్చింది. సర్వర్ లేచింది, విండోస్ కంప్యూటర్ ఇంకా లేవలేదు. మౌంట్ కాలేదు. రాత్రి నకలు మాత్రం మామూలుగా జరిగిపోతుంది, ఒక్క హెచ్చరికా రాదు. సరుకంతా ప్లాట్‌ఫాం మీదే, అంటే అదే సర్వర్ డిస్క్‌లోనే పడి ఉంటుంది. ఆ డిస్క్ పాడైతే అసలూ నకలూ రెండూ గోవిందా!

విరుగుడు సులువే. నకలు మొదలయ్యే ముందు 'మౌంట్‌పాయింట్' ఆదేశంతో బోగీ వచ్చిందో లేదో చూసి, రాకపోతే ఆగిపోయేలా రాసుకోవాలి. ఖాళీ ఫోల్డర్‌కు 'సీహెచ్ఏటీటీఆర్'తో ముందే తాళం వేస్తే, మౌంట్ కానప్పుడు అందులో ఏదీ పడదు, తప్పు వెంటనే బయటపడుతుంది.

ఇంకో మాట. 2017 మేలో లోకాన్ని వణికించిన వానాక్రై, పాత ఎస్ఎంబీ మొదటి వెర్షన్‌లోని లొసుగుతోనే పాకింది. కాబట్టి మూడో వెర్షనే వాడండి. మౌంట్ అయిన ఫోల్డర్‌కూ వైరస్ చేరగలదు కనుక, తీగ తీసి బీరువాలో పెట్టే డిస్క్‌లో మరో నకలు ఉండాలి. నెలకోసారి ఏదో ఒక ఫైల్‌ను నకలు నుంచి తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది నకలు!